వానరోజు ఆపవలసిన ఫిల్టర్లు

వాననీటిని పరీక్షించే ప్రయోగశాలలో ఆమె చేరిన కొత్తలో, ఊళ్లో కురిసే వాన ఆమ్లవర్షమేనని అందరూ ఒప్పుకునేవారు. నది అవతలి బొగ్గు విద్యుత్కేంద్రం పొగ వదిలేది, మేఘం ఆ పొగను తాగేది. ఆఫీసు మేడమీది పాత్రలో పడిన నీటిని ఆమె కొలిచి గ్రాఫు గీసేది. పీహెచ్ అంకె ఎంత పెరిగితే వాన అంత సాధువైనట్టు. ఇరవై ఏళ్లలో ఆ అంకె మెల్లగా పెరిగింది. దానితోపాటే డైరెక్టరు గారూ పెరిగారు. ముందు గది పెద్దదయింది, తర్వాత కుర్చీ, ఆ తర్వాత కారు.

చిక్కల్లా ఒకటే. వానలో ఆమ్లం తగ్గలేదు. బొగ్గు పొగలోని గంధకం కాస్త తగ్గితే, ఆ లోటు రాకుండా వాహనాల పొగ చూసుకుంది. నిజంగా పెరిగింది సున్నపు దుమ్ము. ఊరి చివరి సిమెంటు ఫ్యాక్టరీ రేయింబవళ్లు ఎగరేసే ఆ దుమ్మే వానలోని ఆమ్లాన్ని విరిచేస్తోంది. ఆమె ఆ మాటే వెళ్లి డైరెక్టరు గారికి చెప్పింది.

"అంటే ఏమిటమ్మా?"

"కడుపుమంట ఉన్నవాడు మాత్ర వేసుకున్నట్టు సార్. మంట తగ్గింది. తాగుడు మానలేదు."

"మంట తగ్గిందా లేదా?"

"తగ్గింది సార్."

"అదే రాయండి. మిగతాది వాడి వ్యక్తిగత విషయం."

ఆ సిమెంటు ఫ్యాక్టరీలోనే ఆమె మరిది ఇంజినీరు. పొగగొట్టాలకు దుమ్ము పట్టే ఫిల్టర్లు పెట్టించాలని యాజమాన్యం ప్రాణం తీసి, చివరికి పెట్టించాడు. ఊళ్లో చెట్ల ఆకులు పచ్చగా ఉంటాయన్న సంగతి కొందరు పిల్లలకు అప్పుడే తెలిసింది. అత్తగారి దగ్గు నెమ్మదించింది. ఆవిడ కొడుకును మెచ్చుకోవడం ఇంట్లో అందరూ అదే మొదటిసారి విన్నారు.

తర్వాత వానలు మొదలయ్యాయి. మాత్ర అందని కడుపులా వాన మండిపోయింది. అంకె ఇరవై ఏళ్ల కిందటి చోటికి జారింది. డైరెక్టరు గారు కమిటీ వేసి అత్యవసర సమావేశం పెట్టారు. విద్యుత్కేంద్రం పేరు ఎవరూ ఎత్తలేదు, సమావేశంలో ఏసీ నడుస్తున్నది ఆ కరెంటుతోనే మరి. దోషి ఫిల్టరేనని తేలింది.

రెండు రోజులకు మరిది ఒక కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"చదవండి వదినా. మీ ఆఫీసు నుంచే వచ్చింది."

వాననీటి నాణ్యతను కాపాడే నిమిత్తం, వాన కురిసే రోజుల్లో ఫిల్టర్లు ఆపవలసిందిగా ఆదేశం. కింద ఆమె గీసిన గ్రాఫు జత చేసి ఉంది. ఆమె కంచం పక్కకు జరిపింది.

"గ్రాఫు నాదే. ఆదేశం నాది కాదు," అంది.

"మావాళ్లు గంటలో ఆపేశారు. ఇన్నేళ్లలో మీ ఆఫీసు మాట మావాళ్లు విన్నది ఇదొక్కసారే. కరెంటు కలిసొస్తుందిగా."

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "అంటే వాన బాగుండాలంటే నేను దగ్గాలా?"

"కమిటీ అదే తేల్చింది అత్తయ్యా."

"ఆ కమిటీవాళ్లను ఒక పూట మన డాబా మీద కూర్చోబెట్టండి. బట్టలతో పాటు ఆరేస్తాను."

తర్వాతి వానకు మరిది ఫిల్టర్లు ఆపలేదు. అతనికి మెమో వచ్చింది. ప్రయోగశాలలో అంకె మళ్లీ పడిపోయింది. డైరెక్టరు గారు మీటరు పాడైందన్నారు. కొత్తది తెప్పిస్తే అదీ అదే అంకె చూపించింది. దాన్ని కాస్త ఆశాజనకంగా సరిచేయడం కుదురుతుందా అని మీటరు కంపెనీ మనిషిని పక్కకు పిలిచి అడిగారు. కుదరదన్నాక, అసలు లోపం స్థలంలోనే ఉందని గ్రహించి, మేడమీది పాత్రను ఊరికి దూరంగా కంకర క్రషర్ ఉన్న గుట్టకు మార్పించారు. అక్కడిది సున్నపురాయి.

ఆమె వాదించలేదు. ఒక కాగితం టైపు చేసి తీసుకెళ్లింది.

"ఫిల్టర్ల ఆదేశం రద్దు చేయాలి సార్. ఈ ఊరి వాన ఇక మన లెక్కలో లేదు కదా."

"లేదు కదూ," అంటూ ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని సంతకం చేశారు.

ఈలోగా కరెంటు కలిసొస్తుందని యాజమాన్యం ఫిల్టర్లను పూర్తిగానే ఆపేసింది. ఆగడానికి గంట చాలినవి మళ్లీ తిరగడానికి నెల పట్టింది. మరిది రద్దు కాగితం పట్టుకుని ఒక్కొక్క అధికారి గుమ్మం ఎక్కి వాటిని తిప్పించాడు. అత్తగారు రాత్రి దగ్గకుండా పడుకున్నారు.

గుట్ట మీద అంకె దివ్యంగా వచ్చింది. స్వచ్ఛవర్షానికి కృషి చేసినందుకు డైరెక్టరు గారికి శాలువా కప్పారు. ఆమె మాత్రం వాన పడినప్పుడల్లా గుట్టకు వెళ్లేది. అక్కడ రాళ్లు కొట్టే ఆడవాళ్లకు కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. ఒకామె మాట్లాడబోయి దగ్గి, కాసేపు అలాగే కూర్చుండిపోయింది. చేతిలోని వాననీటి సీసాను ఆమె సంచిలో పెట్టేసింది. అక్కణ్ణుంచే మరిదికి ఫోన్ చేసింది.

"క్రషర్‌కి దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ఏర్పాటు నువ్వు చేయించగలవా?"

"చేయించొచ్చు వదినా. మీ అంకె మళ్లీ పడిపోతుంది మరి."

"పడనీ. మా సార్ పాత్రను ఇంకో దుమ్ములోకి మారుస్తారు. అక్కడికీ వెళ్దాం. దుమ్మున్న చోట్లన్నీ అయిపోతే, అప్పుడైనా తలెత్తి నది అవతలి పొగగొట్టాన్ని చూడక తప్పదుగా."

అటువైపు క్యాలెండరు తిప్పిన చప్పుడైంది.

"ఆదివారం ఖాళీయే," అన్నాడు మరిది. "టేపు తెస్తాను, కొలతలు తీసుకుందాం."