కర్ర అవతలి కొస

కర్ర చివర పాత దుప్పటిగుడ్డ చుట్టి, ముడి వేసి, పళ్ళతో ఇంకోసారి లాగి బిగించాడు తాత. పేళ్ళు లేచి పిల్లల చేతుల్లో గుచ్చుకోకూడదు కదా మరి. రెండో కొసన ఎర్రటి పలక, దానిమీద తెల్లగా 'ఆగు'. బడి ముందు పిల్లలను రోడ్డు దాటించే ఈ ఉద్యోగం వల్లే ఆయన ఆగుతాత అయ్యాడు. కోపమొస్తే కన్నకూతురు కూడా ఆ పేరే పెట్టి పిలుస్తుంది.

"చేతులు వెనక్కి పెట్టుకో నాన్నా. ఎవరినీ ముట్టుకోకు," అంది కూతురు గుమ్మం దగ్గర.

"రోజూ చెప్పాలటే?"

"చెప్పాలి."

పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. చెబితే ఇంట్లో కూర్చోమంటుందని నోరు మెదపలేదు.

ఈ ముట్టుకోవద్దనడం వెనక, ఎన్నికల ముందు జరిగిన సంగతి ఒకటుంది. అవతలి గట్టునుంచి తల్లి చెయ్యూపిందని రెండు జడల చిన్నపిల్ల ఒకతె రోడ్డుమీదికి ఉరికింది. లారీ కింద పడకుండా తాత దాని రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. పిల్ల బెదిరి గుక్కపట్టి ఏడ్చింది. ఎదుటి కొట్టు దగ్గర నిలబడ్డ ఎవడో అదంతా ఫోనులో పట్టాడు. పట్టినవాడు ఊరుకోవచ్చు కదా! లారీ వచ్చిన ముక్క కోసేసి, ముసలాడు లాగడం, పిల్ల ఏడవడం మాత్రం ఉంచాడు మహానుభావుడు. సాయంత్రానికి ఆ వీడియో ఇంటింటికీ చేరింది. ఓట్లకు నిలబడ్డ పెద్దమనిషి దానికింద 'మన పిల్లలకు దిక్కెవరు?' అని రాసి మరీ పంచాడు. పోలీసులు కొట్టులోని కెమెరా చూసి, తాత తప్పేమీ లేదన్నారు. ఆ మాట మాత్రం ఎవరూ ఎవరికీ పంపలేదు. ఎన్నికలయ్యాయి, పెద్దమనిషి గెలిచాడు, వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది.

బడివాళ్ళు ఉద్యోగం తీసెయ్యలేదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. పిల్లలను తాకొద్దన్నారు, అంతే. అప్పుడే ఆయనకు ఈ ఉపాయం తట్టింది. పలకవైపు తను పట్టుకుంటాడు, గుడ్డవైపు పిల్లలు పట్టుకుంటారు, మధ్యన బారెడు దూరం. అంతకుముందు బడిలో కొత్తగా చేరిన పిల్లలు ఆయన చూపుడువేలు గుప్పిట బిగించి పట్టుకుని, గట్టు చేరినా వదిలేవారు కాదు. ఎవరైనా ఒక్క పిల్ల, తనంతట తాను వచ్చి మళ్ళీ ఆ వేలు పట్టుకుంటే చాలు, తలెత్తుకుని తిరుగుతాను అనుకునేవాడు.

గేటు దగ్గర ఒక బుడ్డోడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వు వీడియో తాతవేగా?"

"కాదురా భడవా, ఆగుతాతని."

"రెండూ నువ్వేగా," అనేసి గుడ్డ పట్టుకున్నాడు వాడు.

రెండు జడల పిల్లను దింపి, తల్లి గబగబా వెళ్ళిపోబోయింది. ఆ రోజు ఆయన చేతులు రెండూ పట్టుకుని భోరుమన్న మనిషే. ఇప్పుడు ఎదురుపడితే చూపు తప్పిస్తోంది. తాత ధైర్యం చేశాడు.

"నువ్వు కళ్ళారా చూశావు కదమ్మా. నలుగురిలో ఒక్క మాట అంటే..."

"అన్నాను బాబాయ్. డబ్బు తిన్నానని నన్నూ తిట్టిపోశారు." ఆమె గొంతు తగ్గించింది. "ఆ వీడియో చూసీ చూసీ, ఒక్కోసారి నాకే..."

"నీకే?"

"ఏం లేదు బాబాయ్. ఆఫీసుకు టైమయింది."

ఆయన ప్రాణం ఉసూరుమంది. ఆమెను ఏమని తప్పుపడతాడు? తనూ ఆ వీడియో పదేపదే చూసుకున్నవాడే. కళ్ళు మూసుకుంటే పిల్ల ఏడుపు వినిపిస్తుంది, తన చెయ్యి కనిపిస్తుంది. లారీ మాత్రం రానురాను మసకబారిపోతోంది. అసలు వచ్చిందా అని ఈమధ్య తనకే భయం పుడుతోంది.

సాయంత్రం బడి వదిలారు. గుంపులన్నిటినీ దాటించేసరికి ఆయనకు ఒళ్ళంతా చెమట పట్టింది. గేటు పక్క అరుగుమీద కూలబడి, కర్ర ఒళ్ళో పెట్టుకుని, గోడకు చేరగిలబడ్డాడు. చివరగా రెండు జడల పిల్ల వచ్చి గుడ్డ కొస పట్టుకుంది. తల్లి అవతలి గట్టున ఫోను చూసుకుంటోంది.

"తాతా, పద."

తాత రోడ్డువైపే చూస్తున్నాడు. బళ్ళు పోనిమ్మంటున్నాడు కాబోలనుకుని పిల్ల బుద్ధిగా ఆగింది. పెద్ద లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"లారీ వెళ్ళిపోయింది తాతా. పద."

ఆయన లేవలేదు. పిల్ల కర్ర వదిలేసి, దగ్గరికి వెళ్ళి, ఆయన చూపుడువేలు గుప్పిట పట్టుకుంది.

"అదుగో! మళ్ళీ ఆ పిల్లనే పట్టుకున్నాడు!" అవతలి గట్టున ఎవరో ఫోను పైకెత్తారు.

తల్లి పరుగెత్తుకొచ్చింది. "వదులు బాబాయ్! వదులు!" అంటూ పిల్లను లాగబోయి ఆగిపోయింది. ఆయన పట్టుకోలేదు. పిల్లే పట్టుకుని ఉంది. ఆ వేలిలో పట్టు లేదు, రోడ్డుమీద నిలిచిన కళ్ళకు రెప్పపాటు లేదు.

"తియ్యకండి!" అని రోడ్డు అవతలికి వినపడేలా అరిచింది. "నా బిడ్డను బతికించిన మనిషి! పోయాడు, తియ్యకండి!"

ఎత్తిన ఫోను దిగలేదు. ఇంకో రెండు లేచాయి.

తాతను తీసుకెళ్ళాక అరుగు కింద కర్ర మిగిలింది. పలక నేలకేసి బోర్లా పడి ఉంది. అవతలి కొసన, పళ్ళతో బిగించిన ముడి బిగించినట్టే ఉంది. దానికింద గుడ్డ, చిన్నచిన్న వేళ్ళు పట్టుకున్న మేర, ఒక్క రోజులోనే మాసిపోయింది.