ఆయిల్ దారిలో పసుపు

ఆ అల్యూమినియం దిమ్మ మా షెడ్డులో ఉన్నన్నాళ్ళూ నాకు పగలు కూడా కలలాగే గడిచింది.

సామర్లకోట స్టేషన్ వెనకాల మాది చిన్న మెషిన్ షాపు. పంపుల షాఫ్టులూ, రైస్ మిల్లుల పళ్ళచక్రాలూ చేసుకునేవాళ్ళం. కడియంలో నర్సరీ ఉన్న బుల్లిరాజుగారి అమ్మాయి దుర్గాశ్రీ ఒకనాడు వచ్చింది. బురదలో జీపు పందేలు తోలుతుందట. డీజిల్ ఇంజనుకున్న ఇనప బ్లాకు, అదే సిలిండర్ల గుంటలుండే మొండెం, పగిలిపోయిందట.

"దిమ్మలోంచి తొలిచి కొత్తది చెయ్యండి బాబాయిగారూ. తేలిగ్గా ఉండాలి, దెబ్బకి ఆగాలి."

"మీ నాన్నగారు ఒప్పుకున్నారా అమ్మా?"

"జీపు అమ్మెయ్యమన్నారండి. కొనేవాడు దొరకలేదు. అప్పుడు ఒప్పుకున్నారు."

పని మొదలైంది. కటర్ వేడెక్కకుండా పోసే నూనె నీళ్ళు పాలలా తెల్లగా ఉంటాయి. ఆ తెల్లటి ధారలో దిమ్మ రోజంతా తడుస్తూ ఉండేది. కింద వెండి పొట్టు రాలేది. కిటికీలోంచి ఎండ పడితే, గోదావరి ఇసుకమేటల మీద నడుస్తున్నట్టుండేది నాకు. మెషిన్ చప్పుడు కూడా ఎక్కడో ఏటి అవతల నుంచి వినిపించేది.

దిమ్మలో సగానికి పైగా పొట్టుగా పోయాక మిగిలిందే బ్లాకు. నిప్పు పుట్టేది లోహంలో కాదు, లోహం తీసేసిన చోట. గర్భగుడీ అంతేనేమో. మనిషి కట్టేది గోడలే కదా. మరి మనం దండం పెట్టేది లోపలి స్వామికా, ఆయన కోసం వదిలిన చోటుకా? భీమేశ్వరుడి గుళ్ళో అయ్యవారిని అడుగుదామనుకుంటూనే, నవ్వుతారని ఊరుకున్నాను.

పని పూర్తయ్యాక బ్లాకుని కడిగాను. ఆయిల్ వెళ్ళే సన్నదారులన్నిటిలో గాలి కొట్టి చూసుకున్నాను. శుక్రవారం పొద్దున్న మా ఆవిడ లలితాంబ పూజ చేసింది. ఆడపిల్ల ఎక్కే బండి అని ఏ మెషిన్‌కీ పెట్టనంత పసుపు పెట్టింది. కనబడ్డ ప్రతి కన్నం దగ్గరా వేలితో అద్ది, మీద కుంకుమ బొట్టు.

దుర్గాశ్రీ మొక్కల వ్యాను తెచ్చుకుని వచ్చింది. ఎత్తబోతూ చూశాను. ఒక ఆయిల్ కన్నం లోపలిదాకా పచ్చగా ఉంది. ఆ దారి తిన్నగా క్రాంక్‌షాఫ్టు బేరింగుకి పోతుంది. పసుపు ఎండి గడ్డకడితే ఆయిల్ అందదు. ఇంజను వేగంలో ఉండగా బిగుసుకుని పట్టేస్తుంది. అప్పుడు జీపులో ఉండేది ఈ పిల్ల.

డీజిల్ డబ్బా, బ్రష్షు తీశాను. లలితాంబ అడ్డం వచ్చింది.

"ఏంటండీ ఇది? శుక్రవారం పూట, ఆడపిల్ల బండికి పెట్టిన బొట్టు తుడుస్తారా?"

"కడగాలి లలితా. లేకపోతే ఇంజను ఆగిపోతుంది."

"లోపలిదొక్కటీ తీసి, పైవి ఉంచెయ్యండి పిన్నిగారి కోసం," అంది దుర్గాశ్రీ.

"కుదరదమ్మా. పైనున్నది కూడా కారి లోపలికే పోతుంది."

తుడిస్తే ఆ పిల్ల పందానికి వెళ్ళిన ప్రతిసారీ లలితాంబకి నిద్రుండదు. తుడవకపోతే నాకుండదు. వ్యానులో మొక్కలు గాలికి ఊగుతున్నాయి. లలితాంబ బ్లాకు వంకే చూస్తోంది.

"పసుపు గణపతిని పూజయ్యాక ఏం చేస్తామండీ?" అంది చివరికి.

"ఉద్వాసన చెప్పి నీళ్ళలో కలుపుతాం."

"దాన్ని తుడవడం అంటామా?"

"అనం."

లోపలికెళ్ళి అక్షింతలు తెచ్చింది. ఉద్వాసన చెప్పాక స్వామిని కొంచెం కదపాలి. ముగ్గురం తలో పక్కా పట్టుకుని బ్లాకుని ఈశాన్యం వైపు జరిపాం.

"ఇనపదైతే స్వామి ఇక్కడే ఉండిపోయేవాడండి," అంది దుర్గాశ్రీ.

లలితాంబ నవ్వాపుకుని, "యథాస్థానం" అంటూ అక్షింతలు వేసింది. డీజిల్ డబ్బా తనే నా చేతికిచ్చింది.

పోశాను, బ్రష్షు తిప్పాను, గాలి కొట్టాను. అవతలికి రాలేదు. మళ్ళీ బ్రష్షు పెట్టి లాగితే చిన్న పసుపు ముద్ద నా అరచేతిలో పడింది. ఈసారి గాలి కొడితే దారి సన్నగా ఈల వేసింది. అవతల చెయ్యి పెట్టిన లలితాంబ, "వస్తోందండీ," అంది మెల్లగా.

దుర్గాశ్రీ ఆ ముద్దలోంచి కాస్త తీసి నుదుట రాసుకుంది. "డీజిల్ వాసనొస్తోంది పిన్నిగారూ."

"ఉంచుకో. నీకు బాగుంటుంది."

బ్లాకుని వ్యానులో మొక్కల మధ్య పెట్టాం. నా లోపలి ప్రశ్న ఆగక అడిగేశాను. "ఉద్వాసన చెప్పేశాం కదా లలితా. రేపు ఇంజను తిరిగేటప్పుడు లోపల ఎవరుంటారంటావు?"

"ముందు ఆయిల్ ఉండనివ్వండి," అంది.

వ్యాను మలుపు తిరిగిపోయింది. అయినా లలితాంబ గాలి చూసిన ఆ అరచెయ్యి అలాగే చాపి నిలబడి ఉంది, ఇంకా గాలి తగులుతున్నట్టు.