ఆర్డిత్ అక్క పళ్ళెం

గుమ్మడికాయ ‘పై’ అనే తీపి వంటకంలో మనకు నచ్చేది గుమ్మడికాయా, అందులో పడే దినుసులా? ఈ అనుమానం నన్ను ఏళ్ళ తరబడి వదల్లేదు. దేవుడు గుమ్మడికాయకు ఒక రుచంటూ ఇచ్చాడు కదా, దాన్ని దాల్చినచెక్క కింద, లవంగాల కింద పూడ్చిపెట్టడం కృతజ్ఞతేనా? ఒకసారి మా పాస్టరుగారిని అడిగితే ఆయన నవ్వి ఇంకో ముక్క పెట్టించుకున్నారు.

మా అబ్బాయి డేల్ పుట్టినప్పుడు, మా చర్చి వంటగదికి పెద్దదిక్కైన ఆర్డిత్ అక్క మాకొక పై తెచ్చిచ్చింది. ఆ గాజు పళ్ళెం అడుగున ఆమె పేరు రాసిన టేపు ముక్క ఉంది. అమెరికాలో మా ఇండియానా ఊళ్ళలో ఎవరి పళ్ళెమూ ఖాళీగా తిరిగి వెళ్ళదు. కానీ ఊరంతటికీ పైలు నేర్పిన మనిషికి నేనేం చేసి పంపను? డేల్‌కు పెళ్ళి కూడా అయిపోయింది. పళ్ళెం మాత్రం నా అలమరలోనే ఉండిపోయింది.

ఈ అక్టోబరులో చర్చి విందుకు వంటగదిలో అందరం చేరాం. నా కోడలు కెల్సీ గుమ్మడి మసాలా కాఫీ పట్టుకొచ్చింది.

"ఇందులో గుమ్మడికాయ ఎక్కడుందే పిల్లా?" అంది ఆర్డిత్ అక్క.

"మీ పైలో మాత్రం దాని రుచి తెలుస్తుందా పెద్దమ్మా? అంతా జాజికాయేగా!"

"నోరు చూడు దీనికి! మీ అత్త నేర్పిందా?"

"మా అత్తయ్యకి ఇంకా అనుమానమే తీరలేదు, నాకేం నేర్పుతుంది!"

అందరూ నవ్వారు. ఆర్డిత్ అక్క ఒక గుక్క తాగి, "తియ్యటి వేడినీళ్ళలా ఉంది" అంది. దాని ఘుమఘుమ గుమ్మం దాకా వస్తోంది. నాకేదో తేడాగా తోచింది. పైల కోసం ఆమె కలిపిన గుమ్మడి గుజ్జును వేలితో నాకి చూశాను. లవంగాల ఘాటుకు నోరు మొద్దుబారింది.

ఆమెను మెట్ల దగ్గరికి పిలిచి ఏమైందని అడిగాను.

"వసంతంలో జ్వరం వచ్చింది చూడు, అప్పటినుంచి నాకు వాసనే తెలియడం లేదు లోయిస్" అంది గొంతు తగ్గించి. "ఎవరితోనూ అనకే. తెలిస్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఈ వంటగది కూడా లేకపోతే నేను ఎక్కడికి పోను?"

"నాలుక్కి ఏమీ తెలియట్లేదా అక్కా?"

"తీపీ ఉప్పూ తెలుస్తాయి. శొంఠి మాత్రం ఇంకా చురుక్కుమంటుంది."

గుమ్మడి గుజ్జు డబ్బాలు మరికొన్ని తెరిచి ఆ గిన్నెలో కలిపేశాను. లవంగాల ఘాటు తగ్గింది. విందులో పైలన్నీ అయిపోయాయి.

మర్నాడు ఆ గాజు పళ్ళెం కిందికి దించాను. అందులో పై చేస్తూ శొంఠి దండిగా వేశాను. మిరియాలు కూడా దంచి వేశాను. ఇంత ఘాటు ఎవరికని కెల్సీ అడిగితే విషయం చెప్పి, నోరు జారొద్దని మాట తీసుకున్నాను. అది శొంఠి డబ్బా నా ముందుకు జరిపింది. "ఇంకాస్త శొంఠి వెయ్యండి అత్తయ్యా" అంది.

ఇద్దరం కలిసే తీసుకెళ్ళాం. ఆర్డిత్ అక్క మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఆగింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కుడుతోందే!" అని గట్టిగా నవ్వింది. "ఇన్నాళ్ళకి తిన్నట్టుంది."

నా అనుమానం తీరిందని చెప్పను. ఆ మాటే ఆమెతో అంటే, "గుమ్మడీ దినుసులూ పోట్లాడుకోవు, మనమే పోట్లాడుకుంటాం" అంది. తర్వాత కెల్సీ వైపు తిరిగింది.

"నీకు చెప్పేసిందా మీ అత్త?"

"చెప్పింది పెద్దమ్మా."

"అయితే వచ్చే విందుకు నా పక్కన నిలబడు. చెయ్యి నాది, నాలుక నీది. కాఫీ మాత్రం తేకు."

"తెస్తాను" అంది కెల్సీ.

మిగిలిన పైని వేరే గిన్నెలోకి తీసి ఆర్డిత్ అక్క పళ్ళెం కడిగింది. తిప్పి చూస్తే అడుగున టేపు అలాగే ఉంది, అక్షరాలు మాత్రం వెలిసిపోయాయి. వేలితో ఒకసారి తడిమి, తుడిచి, తన అలమరలో తక్కిన పళ్ళేల మీద పెట్టుకుంది.