ఫిర్యాదు లేని జాబితా

వదిన నా బల్లమీద ఒక కాగితం పెట్టింది.

"పని మానేస్తున్నాను. సంతకం పెట్టు."

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఈ లాండ్రీకి నేను సూపర్‌వైజర్ని. పదకొండేళ్ల కిందట మా అన్నయ్య భార్యని ఇక్కడ చేర్పించింది నేనే. మిగతా ఇరవైమందీ ఒక ఎత్తు, ఆవిడ ఒక్కతే ఒక ఎత్తు.

"ఇదేం విడ్డూరం వదినా! ఎందుకూ?"

"తొమ్మిది వారాలుగా రోజూ మురికిగదే. ఇంక నావల్ల కాదు."

మురికిగదంటే నెత్తురూ చీమూ అంటిన దుప్పట్లు విడదీసే చోటు. అక్కడ ఒక్కరోజు వేస్తేనే ఎవరైనా నామీద విరుచుకుపడతారు.

"ఛ, అలా ఎందుకుంటుంది! ఎవరికి ఏ పనో జాబితా వేసేది కంప్యూటర్. దానికి అయినవాళ్లూ కానివాళ్లూ ఉంటారా?" అంటూ గోడమీది కాగితాలు పీకి చూశాను. తొమ్మిదింట్లోనూ ఆవిడే! అడుగున "ఫిర్యాదులు: సున్నా" అని చూసి వారంవారం మురిసిపోయానే తప్ప, పైన పేర్లు చదివిన పాపాన పోలేదు.

తొమ్మిది వారాల కిందట ఆ ప్రోగ్రాం రాసిచ్చింది మా అమ్మాయి. ఫోన్ చేసి కడిగేశాను.

"అది కావాలని చెయ్యదమ్మా. ముందు గుడ్డిగా వంద జాబితాలు వేస్తుంది. ఫిర్యాదులు ఎక్కువొచ్చేవి పారేస్తుంది. మిగిలినవాటిలో రెండేసి తీసుకుని, దీని సగం దాని సగం కలిపి, అక్కడక్కడ పేర్లు మార్చి, మళ్లీ వంద పుట్టిస్తుంది. అలా ఐదొందల తరాలు."

"ఫిర్యాదు వస్తుందని దానికెలా తెలుసే?"

"నువ్విచ్చిన ఫిర్యాదుల పుస్తకం చూసి. ఎవరు దేనికి గొడవపడ్డారో అన్నీ ఉన్నాయి. అత్తయ్య పేరు ఒక్కచోటా లేదు. అందుకే ఎటు తిరిగినా అత్తయ్య దగ్గరే ఆగింది."

అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక యంత్రమేం పెడుతుంది!

"దిక్కుమాలిన యంత్రం! నేను చేత్తో వేసినన్నాళ్లూ ఇలాంటి ఘోరం జరిగిందా?" అని అరిచి, రుజువు చూపిద్దామని సొరుగులోంచి పాత నోటుపుస్తకం లాగాను. నా పద్ధతి సులువు. ఎవరైనా సణిగితే ఇద్దరి పేర్లు అటూ ఇటూ మార్చేదాన్ని. సణుగుడు తగ్గితే ఉంచేదాన్ని, పెరిగితే చెరిపేసేదాన్ని.

పేజీ తెరిచాను. మురికిగది: వదిన. ఇంకో పేజీ. వదిన. రబ్బరుతో చెరిపిన ప్రతి పేరు మీదా, నా దస్తూరీలోనే, వదిన. వారానికి నాలుగు రోజులు, ఐదు రోజులు. పదకొండేళ్లు! మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి అంటారే, మొత్తింది నేనే. యంత్రం ఆ మిగిలిన ఒకటి రెండు రోజులు కూడా కలిపిందంతే.

"ఒక్కమాట చెప్పకూడదా వదినా?" ఏడుపొచ్చేసింది నాకు.

"చెప్పాను. చేరిన మొదటి వారమే, మీ ఇంట్లో అన్నం తింటూ. 'మనలో మనకేంటి, సర్దుకో వదినా' అన్నావు. సర్దుకున్నాను."

నేను ఆ కాగితం పక్కకి తోశాను.

"రేపట్నుంచి మురికిగది నాది. నువ్వు వెళ్లకు."

"నీదే. ఎవరో ఒకరు చెయ్యాలిగా" అంటూ వదిన పెన్ను మూత తీసి నా చేతికిచ్చింది. "ముందు సంతకం పెట్టు."