రష్యావాళ్ల తగువు

అరకు కాఫీ తోటల పక్కన రాజులమ్మ ఇంట్లో ఓ గది టూరిస్టులకిస్తారు. అందులో దిగిన జయశ్రీ అనే పట్నం మేడమ్ వెళ్తూ వెళ్తూ ఓ పుస్తకం మర్చిపోయింది. పుస్తకమంటే పుస్తకమా అది, ఇటుకరాయికి అన్న! రష్యావాళ్ల కథట, ఇంగ్లీషులోకి మార్చారట. "ఆదివారం వచ్చి పట్టుకెళ్తాను" అని ఫోన్ చేసింది.

డిగ్రీ చదివే మనవరాలు గాయత్రి దాన్ని పట్టుకుని కూర్చుంటే రాజులమ్మ ఊరుకుంటుందా?

"ఏటే గుంటా, నీలో నువ్వే సదూకుంటావా? మాకూ సెప్పు!"

అంతే. కాఫీ పళ్లు ఎండబోస్తూ గాయత్రి తెలుగులో చెప్పడం, రాజులమ్మా పక్కింటి నూకరత్నమూ ఊఁ కొట్టడం. కథేమో, ఓ జడ్జీగారి పెళ్లాం గుర్రాల డాక్టరు మీద మనసు పడింది. మొగుడు వదలడు. ఊళ్లో ఎవరూ పలకరించరు. ఆవిడ కిటికీలోంచి మంచు చూస్తూ ఏడుస్తుంది.

"ఇంతోటిదానికి అంత లావు పుస్తకమా!" అంది రాజులమ్మ. "ఆ డాట్రు జడ్జీకి మగనాలి తప్పు డబ్బులు కట్టేసి, పెద్దల్ని కూకోబెట్టి మేకని కోత్తే ఒక్కపూటలో తీరిపోదా? మీ తాత నన్నలాగే కదే తెచ్చుకున్నాడు!"

"ఆ విందుకి పాత మొగుడూ వచ్చేడు. కూర సాల్లేదని కేకలేసింది ఆడే," అంది నూకరత్నం.

"అక్కడ పెద్దలు తగువు తీర్చరు మామ్మా, చెవులు కొరుక్కుంటారంతే."

"థూ! ఏం పెద్దలే ఆళ్లు!"

ఆ రోజునుంచి రాజులమ్మకి అదే బెంగ. అంబలి కలుపుతూ కూడా, "ఆ పిల్లకెలాగుందే?" అని కన్నకూతుర్ని అడిగినట్టు అడిగేది.

శనివారం గాయత్రి ఒక్కతీ కూర్చుని ఆఖరి పేజీ దాకా చదివేసింది. కథలో ఆవిడ ఏట్లో దూకేసింది. అసలే బీపీ మనిషి మామ్మకి ఆ మాట ఎలా చెప్పడం?

"మగనాలి తప్పు కట్టేశారు మామ్మా. మేకని కోశారు."

"మరన్ని కాయితాలు మిగిలాయేటి?"

"అదంతా విందే. తిండి గురించి వాళ్లు చాలా రాస్తారు."

ఆదివారం జయశ్రీ కారు దిగింది. ఈవిడ నోరు విప్పితే గాయత్రి అబద్ధం బయటపడ్డట్టే. కాఫీ గ్లాసు అందిస్తూనే రాజులమ్మ అననే అంది:

"మేకని కోసినకాడ ఎంత బాగుందమ్మా ఆ కథ!"

మేడమ్ నాలిక కరుచుకుంది. "నేను అక్కడిదాకా వెళ్లలేదండీ. ఏళ్ల తరబడి మొదటి భాగంలోనే ఉన్నాను. ఏ ఊరెళ్లినా మోసుకెళ్లి ఫొటో మాత్రం తీస్తాను."

ఇంక రాజులమ్మని ఎవరాపగలరు? పెద్దలు కూర్చోవడం, జడ్జీగారు కూర మళ్లీ వడ్డించమనడం, అన్నీ చెప్పింది.

"హమ్మయ్య, కథ తెలిసిపోయింది! పుస్తకం నువ్వే ఉంచుకో గాయత్రీ," అంటూ మేడమ్ నవ్వుకుంటూ కారెక్కింది.

కారు మలుపు తిరిగాక రాజులమ్మ గ్లాసులు తీస్తూ అడిగింది: "ఎలా పోయిందే ఆ పిల్ల?"

గాయత్రి తెల్లబోయింది. "నీకు... తెలుసా?"

"నిన్న నువ్వు కోడికూర ముట్టలేదు. విందు కథ సదివినోళ్ల మొకం అలాగుంటాదేటి?"

"ఏట్లో దూకేసింది మామ్మా. మరి మేడమ్‌తో అలా చెప్పేవేం?"

"పాపం, ఆ మనిషి ఘాట్ రోడ్డంతా ఏడ్సుకుంటా కారు తోలాలా?"

రాజులమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత గుమ్మంలో చతికిలబడి పక్కింటికి కేకేసింది.

"ఓలే నూకరత్నం, బేగి రాయే! గుంటా, మళ్లీ మొదట్నుంచి సదువు. ఈసారి పెద్దలం మేం కూకుంటాం."