మిరపకల్లంలో లెన్సు

చీరల కొట్టులో పరిచినట్టు మూడు డబ్బాలు ముందు పెట్టి ఏది ఇయ్యమంటరు మేడం అంటే ఏం చెప్పను, కట్టుకునేదైతే కొంగు పట్టి చూస్తాను, ఇది కంట్లో పెట్టుకునేది, అదీ పుండు పడి మొన్నమొన్ననే మానిన కుడికంట్లో, ఈ ఖమ్మం కళ్ళద్దాల షాపులో ఏసీ చల్లగానే ఉంది, నాకే వీపంతా చెమట, కౌంటర్ వెనక అరుణశ్రీ అని పేరుబిళ్ళ పెట్టుకున్న అమ్మాయి విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టింది, ఇది నెలకొకటి మేడం, రాత్రి తీసి మందునీళ్ళల్ల నానవెట్టాలె, ఇది ఏ రోజుకారోజు పారేసేది, కంటికి అన్నిట్లకంటె మంచిది, ఇదేమో గట్టిది, కంటికి గాలి ఆడుతది, ఏండ్లు వస్తది, కాని దుమ్ముల తిరిగేటోళ్ళకు గుచ్చుకుంటది, మీరేం పని చేస్తరు మేడం, ఏం పని చేస్తానా, దుమ్ములోనే చేస్తాను తల్లీ, దుమ్ముగూడెం చుట్టూ మిరపకల్లాలు తిరిగి షావుకారు తరఫున సరుకు చూస్తాను, తెల్లబడ్డ తాలుకాయ ఎంత, తేమ ఎంత, ఈ కుప్ప కొనొచ్చా వద్దా అని తేల్చేది నేనే, అది రోడ్డు మీది దుమ్ము కాదు, కారం కలిసిన దుమ్ము, ముక్కూ మూతీ కండువాతో చుట్టుకోకపోతే తుమ్మి తుమ్మి చావాలి, చుట్టుకుంటే ఊపిరంతా పైకి తన్ని అద్దాలు మసకేసి ఎర్రటి కుప్ప కాస్తా పొగమంచులో గుట్టలా అయిపోతుంది, తీసి తుడుచుకుందామంటే కాటా పక్కన రైతూ హమాలీలూ లారీ డ్రైవరూ అందరి చూపూ నా మీదే, పగిడయ్య అనే రైతు, తన సరుకు చూస్తున్న రోజున, ఏంది తబితమ్మా, నా కాయ కనవడ్తలేదా, సోడాబుడ్డి అద్దాలేసుకొని నువ్వేం జూస్తవ్, కండ్లు మూసుకొని ప్రార్థన జేసి రేటు చెప్పరాదు అన్నాడు, కల్లమంతా నవ్వింది, నవ్వితే నవ్వారని ఊరుకున్నానా, మరుసటి వారమే వెళ్ళి లెన్సులు తెచ్చుకున్నాను.

అప్పుడు తెచ్చుకున్నది నెల రకం, నెల దాటినా బాగానే కనిపిస్తోంది, మంచిగా ఉన్నదాన్ని ఎవరు పారేస్తారు, పెరుగు డబ్బాలు కడిగి కడిగి అటక నింపిన అత్త ఉన్న ఇల్లు మాది, అలా మూడో నెలలోకి లాగాను, ఒకరోజు కల్లంలో వేలికంటిన కారం కంట్లో భగ్గుమంది, మందునీళ్ళు ఇంట్లో ఉన్నాయి, లారీ హారన్ కొడుతోంది, తీసి బోరు నీళ్ళతో కడిగి మళ్ళీ పెట్టేసుకున్నాను, వారం తిరక్కుండా కన్ను నిప్పుకణిక, డాక్టరమ్మ లైటు వేసి చూసి నల్లగుడ్డు మీద పుండు పడ్డదమ్మా, నీళ్ళతోని కడిగినవా, ఇంకోసారి ఇట్లయితే చూపు నా చేతుల ఉండదు అంది, ఇప్పుడు మానింది, లెన్సులు పెట్టుకోవచ్చు, కానీ ఏవి పెట్టుకుంటావో నీ పని చూసుకుని నువ్వే ఆలోచించుకొమ్మంది, అదిగో ఆ ఆలోచనకే కూర్చున్నాను, బెంచీ మీద నా మొగుడు ప్రభు ఫోనులోంచి తల ఎత్తకుండా, గట్టిదే తీస్కోవే, ఏండ్లు వస్తదంటున్నరు గద అంటున్నాడు, ట్రాక్టరు టైరు కొంటున్నామనుకున్నాడో ఏమో, ఆ ఫోనులోనే స్పీకర్ మీద అత్త సంపూర్ణమ్మ, ఎందుకు బిడ్డా గవన్నీ, దేవుడిచ్చిన కండ్లల్ల ప్లాస్టిక్ ఏంది, మంచిగ అద్దాలు పెట్టుకో అంటోంది, మా పెళ్ళి ఫొటోలప్పుడు అద్దాలు తియ్యి బిడ్డా, ముసలిదాని లెక్క కనవడ్తున్నవ్ అన్నది ఈవిడే, ఫొటోగ్రాఫర్ ఎక్కడున్నాడో కనపడక గోడకేసి నవ్విన మొహం ఇప్పటికీ మా ముందుగదిలో వేలాడుతోంది.

సరే, రోజువారీవి పెట్టుకుని కల్లానికి పోవచ్చా అని అడిగాను, పొద్దున ఇంట్ల పెట్టుకొని పోవచ్చు మేడం, నడుమల మండితే ఎట్ల తీస్తరు మరి అంది అరుణశ్రీ, కారం చేత్తోనే తీస్తాను, ఇంకెట్లా తీస్తాను, సబ్బు పెట్టి కడిగినా మండే వేళ్ళివి, నూనె రాస్తే మంట తగ్గుతుంది గానీ ఆ నూనె పోయి లెన్సుకు అంటుతుంది, నెలదీ పనికిరాదు, గట్టిదీ పనికిరాదు, కంటికి మంచిదన్నదీ కల్లంలో పనికిరాదు, ఇంకేదైనా రకం ఉందా అని అడగబోయి ఆగాను, దేనికి వెతుకుతున్నాను నేను, అద్దాలు తీసి, కండువా కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకోవడానికి ఎంతసేపు, పగిడయ్య బీడీ ముట్టించుకుంటుంటే కాటా ఆగుతుంది, డ్రైవరు ఛాయ్ తాగొస్తానంటే ఆగుతుంది, హమాలీలు తంబాకు నలుపుకుంటే ఆగుతుంది, ఒక్కరూ అడగరు, ఒక్కరూ నవ్వరు, రోజువారీదే చిన్న డబ్బా ఇవ్వమ్మా, ఆదివారం చర్చికీ పెళ్ళిళ్ళకీ పెట్టుకుని రాత్రికి పారేస్తాను అన్నాను, మరి కల్లానికో అన్నాడు ప్రభు మొదటిసారి తలెత్తి, కల్లానికి అద్దాలే, మసకేస్తే తుడుచుకుంటాను, నేను తుడుచుకునేదాకా కాటా ఆగుతుంది, ఇన్నాళ్ళూ ఆగేదే, నేనే ఒక్కసారి కూడా ఆగమనలేదు.