ఇంటి నంబరు 2-18

రాజమణి కూతురు సరళకు నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. చెవులు బాగానే వినపడేవి. గిన్నె కింద పడితే ఉలిక్కిపడేది, అమ్మ పిలిస్తే తిరిగి చూసేది. పెదవి మాత్రం విప్పేది కాదు. దానికి తోడు తలుపు తెరిచి ఉంటే చాలు, ఎటో నడిచిపోయేది. ఒకసారి జనగామ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సు బండి పక్కన దొరికింది. ఇంకోసారి హైదరాబాదు రోడ్డు మీద నుంచి ఒక లారీ డ్రైవరు ఎత్తుకొచ్చి అప్పజెప్పాడు. అప్పటి నుంచి ఆ పిల్లను ఒకరి దగ్గర వదిలి బయటికి పోయే ధైర్యం రాజమణికి లేదు.

భర్త జగపతి భూపాలపల్లి అడవిలో ఒక కట్టె డిపోలో పనిచేసేవాడు. నెలకో రెండు నెలలకో వచ్చేవాడు. అతను పంపేది అద్దెకూ బియ్యానికీ సరిపోయేది. పిల్లను వరంగల్ తీసుకుపోయి పెద్ద దవాఖానాలో చూపించాలంటే రాజమణి కూడా ఏదో ఒకటి చేయాలి, అదీ ఇంట్లో కూర్చునే చేయాలి. బీడీలు చుట్టి చూసింది. తంబాకు దుమ్ముకు పిల్ల రాత్రీ పగలూ దగ్గింది. జాకెట్లు కుట్టి చూసింది. సరళ సూదిని నోట్లో పెట్టుకున్న రోజున మిషను తిరిగి ఇచ్చేసింది.

వెనకింటి నర్సమ్మ ఒక దారి చెప్పింది. "అడుగు బయట పెట్టే పని లేదు చెల్లె. రెండు డబ్బాల గుడుంబా మంచం కింద పెట్టుకుంటే సాలు. తాగెటోళ్లే వచ్చి తీస్కపోతరు."

"పోలీసోళ్లు వస్తే పిల్లనెత్తుకొని ఠాణాకు పోవాలె అక్కా. నాతోని కాదు," అంది రాజమణి.

ఆ ఏడు దసరా ముందు తుల్సీరాం వచ్చాడు. తాలూకా ఆఫీసులో గుమాస్తా, అదే వాడకట్టు మనిషి, చిన్నాన్న వరస, రాజమణి కాకా అని పిలిచేది. రాజమణి చేతిరాత ఎట్లాంటిదో ఆయనకు తెలుసు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు బందైన నెలల్లో పదిహేనేళ్ల ఆ పిల్ల వాడకట్టు అన్నలకు గోడల మీద అంటించే కాగితాలు రాసిచ్చేది. అచ్చుపోసినట్టు ఉండేవి అక్షరాలు.

"ఓటర్ల లిస్టులు తిరిగి రాయించాలె బిడ్డా. ఊరూరు తిరిగి రాసుకొచ్చిన కాగితాలు కొట్టివేతలతోటి, మరకలతోటి ఉన్నయ్. సాపు రాసిస్తే ప్రెస్సుకు పోతయ్. ఇంట్లనే రాయి. రాసినంక బిగ్గరగ చదివి సరిచూసుకో," అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, "ఒక్కటే మాట. ఉన్నది ఉన్నట్టు రాయాలె. ఒక్క పేరు ఎక్కువ పెట్టొద్దు, ఒక్కటి తక్కువ పెట్టొద్దు," అన్నాడు.

రాజమణికి ఆ పని నచ్చింది. గడియ పెట్టుకుని, ఠావు కాగితాల మధ్య కార్బన్ పెట్టి, ఇంటి నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు వరుసగా రాసుకుంటూ పోయేది. సరళ ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేది. అప్పటిదాకా ఒకచోట నిలవని పిల్ల, అమ్మ పేర్లు చదువుతుంటే కదలకుండా కూర్చునేది. ఆ కూర్చోవడం చూసి రాజమణి మొదట సంతోషించింది.

తర్వాత గమనించింది. మిట్టమధ్యాహ్నం వేళకు పిల్ల తల కొంచెం పక్కకు వంచేది. దూరం నుంచి ఎవరో పిలుస్తుంటే విన్నట్టు. కళ్లు తెరిచే ఉండేవి గాని, వాటి ముందు చెయ్యి ఊపినా రెప్ప పడేది కాదు. కాసేపటికి మామూలయ్యేది. లేచేటప్పుడు మాత్రం అరచెయ్యి నేలకు ఆనించి, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని, ముసలివాళ్లు లేచినట్టు లేచేది. ఆ ఇంట్లో ముసలివాళ్లు లేరు. ఎవరిని చూసి నేర్చిందో రాజమణికి అర్థం కాలేదు.

దసరా అయిన మరుసటి వారం లింగాల ఘనపూర్ అవతలి ఒక చిన్న ఊరి కాగితాలు వచ్చాయి. రెండు రోజుల్లో రాసేసి మూడో రోజు మధ్యాహ్నం చదవడానికి కూర్చుంది. బయట గాలి లేదు. వాడకట్టంతా నిద్రపోతున్నట్టు ఉంది.

"ఇంటి నంబరు రెండు-పదిహేడు. యాకయ్య, తండ్రి మల్లయ్య, ముప్పై ఎనిమిది," అని చదివి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"కొమురమ్మ. భర్త సాయిలు. అరవై రెండు."

ఆ మాట గోడ దగ్గర నుంచి వచ్చింది. సరళ నోటి నుంచి. పిల్ల గొంతే, కానీ తడి లేని గొంతు, నీళ్లు తాగక ఎండిపోయినట్టుంది. పుట్టిన నాటి నుంచి ఆమె పలికిన మొదటి మాట అది.

రాజమణి చేతిలోని కాగితం జారింది. పిల్లను లాగి ఒళ్లో పెట్టుకుని, "ఏమన్నవ్ బిడ్డా, మళ్ల అను," అని ఎంతసేపు బతిమాలినా సరళ నోరు విప్పలేదు. కాగితం చూస్తే రెండు-పదిహేడు తర్వాత రెండు-పంతొమ్మిది ఉంది. మధ్య నంబరు లేదు. ఊరి నుంచి వచ్చిన అసలు కాగితంలోనూ లేదు. కొమురమ్మ అనే పేరు ఆ ఊరి లిస్టులో ఎక్కడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం, భయపడుతూనే, మళ్లీ చదివింది. రెండు-పదిహేడు దగ్గర ఆగగానే అదే గొంతు, అదే పేరు, అదే వయసు. వేరే ఊరి కాగితం తీసి చదివితే పిల్ల ఉలకలేదు, పలకలేదు. మళ్లీ ఆ ఊరి కాగితమే తీసి, ఈసారి రెండు-పదిహేడు దగ్గర ఆగకుండా నేరుగా పంతొమ్మిదిలోకి పోయింది. సరళ లేచి వచ్చి కాగితం మీద రెండు వరుసల మధ్య అరచెయ్యి పెట్టింది. రాజమణి ఎంత లాగినా తీయలేదు.

సాయంత్రం తుల్సీరాంను పిలిచి పేరు సంగతి చెప్పింది. పిల్ల సంగతి చెప్పలేదు, ఒక మనిషి పేరు తప్పిపోయిందేమోనని మాత్రమే అంది.

"నువ్వు రాయడానికి లేదు బిడ్డా. ఆ మనిషి ఉంటే ఆరో నంబరు ఫారం ఇయ్యాలె. ఆమె ఏలుముద్ర కావాలె. అదే ఊరి ఓటరు ఒకరు అవునని ఇంకో ముద్ర వెయ్యాలె. రెవిన్యూ ఆఫీసు నుంచి గిర్దావరు వచ్చి విచారణ చేస్తడు. నీకెందుకు గీ పరేషాన్?"

"ఒక ఫారం ఇయ్యి కాకా," అంది రాజమణి.

రెండు రోజులు ఆ ఫారం దూలం కింద చెక్కి పెట్టుకుని ఊరుకుంది. పోవాలనీ లేదు, మానాలనీ లేదు. మూడో రోజు పొద్దున సరళ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోకుండా రాజమణి నోటికి అందించి, కొంగు లేని తల మీదికి కొంగు లాక్కున్నట్టు చెయ్యి ఆడించింది. రాజమణి ఫారం మడిచి రొంటిన దోపుకుని, పిల్లను చంకనేసుకుని బస్సెక్కింది.

లింగాల ఘనపూర్‌లో దిగి మూడు మైళ్లు నడిచారు. ఆ ఊరి మొదట్లో బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లను అడిగింది.

"సాయిలు భార్య కొమురమ్మ ఇల్లు ఎటు దిక్కు అక్కా?"

ఒకామె నిండని బిందెనే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఇంకొకామె దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "పిల్లతల్లివి, గా పేరు పలుకకు. బాణామతి చేస్తది. రెండేండ్లాయె, మేం ఎవ్వలం అటు పోం, పేరు తియ్యం. ఆమె పిలిస్తె పలికినోళ్ల ఇండ్లల్ల పశువులు సచ్చినయ్," అంది.

రాజమణి పిల్ల ముఖంలోకి చూసింది. తన పిల్ల నోట ఆ పేరు ఎట్లా వచ్చిందో ఆ క్షణాన అర్థమైనట్టే అనిపించి, వెనక్కి తిరగబోయింది. అంతలో సరళ చంక దిగింది. ఎన్నడూ చూడని ఆ ఊళ్లో ఎవరినీ అడగకుండా ఎడమ సందులోకి నడిచింది. రాజమణి వెంట పరుగెత్తింది.

సందు చివర పెంకులు జారిన ఇల్లు. గడపలో ఒక ముసలామె కూర్చుని ఉంది. సరళను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు.

"వచ్చినవా బిడ్డా," అంది. "ఇయ్యాల జల్ది వచ్చినవ్." అప్పుడు రాజమణిని చూసి, "నీ బిడ్డనా తల్లీ? ఎవ్వల పొల్లనో అనుకుంటున్న. రోజు పగటాల వచ్చి గా గోడకు కూసుంటది. మాట్లాడది. జరసేపు కూసోని పోతది," అంది.

"మాది జనగామ అవ్వా," అంది రాజమణి. "మేం ఈ ఊరికి రావుడు గిదే మొదలు."

ముసలామె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకు కండ్లు మంచిగనే కనవడతయ్," అని మాత్రం అంది. తర్వాత చేతిని నేలకు ఆనించి, మోకాలు పట్టుకుని లేచి, ఇద్దరికీ నీళ్లు తెచ్చింది. రాజమణి ఆ లేవడం చూసింది. ఆ నీళ్లు తాగాలా వద్దా అని చెంబు పట్టుకుని కూర్చుంది. సరళ అప్పటికే తాగేసింది. రాజమణి కూడా తాగింది.

అడగ్గా అడగ్గా ముసలామె చెప్పింది. సాయిలు పోయాక రెండెకరాల మడి కోసం మరిది కొట్లాటకు దిగాడు. ఆ ఏడే ఊళ్లో గాలికుంటు వచ్చి పశువులు చచ్చాయి. అది ఆమె పనేనని మరిది ఊరంతా చెప్పాడు. "ఓట్ల లెక్క రాసెటోళ్లు వచ్చిన్రు. మా మరిది వాళ్లను సందు మొదట్లనే ఆపి, ఆ ఇంట్ల ఎవ్వరు లేరన్నడు. నేను ఉన్న, ఉన్న అని పిలిచిన. నా గొంతు అందాక పోలె." కొంగుతో గడప తుడుస్తూ అంది: "నా పేరు ఎవ్వలు తియ్యరు. మర్సిపోతనేమో అని రోజు పగటాల నేనే పిలుసుకుంట. కొమురమ్మ, సాయిలు పెండ్లాం, అరవై రెండేండ్లు అని."

రాజమణి ఫారం తీసి నింపింది. కాటుక అద్ది ముసలామె వేలిముద్ర వేయించింది. ఇంకో ముద్ర కావాలి. పక్కిల్లు రెండు-పదిహేడు. యాకయ్య ఆ ఇంటి ముందు పగ్గం పేనుతున్నాడు. అంతా వింటూనే ఉన్నాడని అతని చేతులు ఆగిపోవడం చూస్తేనే తెలిసింది.

"అన్నా, ఈమె ఈ ఇంట్ల ఉన్నదని ఒక్క ముద్ర వెయ్యి. అబద్ధం రాయమంటలేను. ఉన్నదే రాసిన," అంది రాజమణి.

"నా బర్రె సచ్చిందమ్మా. నాకు ఇద్దరు పిల్లలు. నేను ఆ పేరు తియ్య," అన్నాడు యాకయ్య తల ఎత్తకుండా.

"నాకు ఉన్నది గీ ఒక్కతే అన్నా. దీన్ని ఎత్తుకొనే వచ్చిన."

యాకయ్య మళ్లీ పగ్గం అందుకున్నాడు. సరళ అతని దగ్గరికి వెళ్లి, మోకాలి మీద చెయ్యి వేసి, ముఖంలోకి చూసి, మెల్లగా అంది:

"యాకా. బువ్వ తిన్నవా?"

అతని చేతిలోని పగ్గం జారింది. చాలాసేపు పిల్ల వైపు, తర్వాత గడపలో కూర్చున్న ముసలామె వైపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను కన్న మా అవ్వ సచ్చిపోయినప్పుడు నాకు ఆరేండ్లు," అన్నాడు. "గట్ల అడిగెటిది ఈమె ఒక్కతే." వేలు చాపాడు.

బస్సులో తిరిగి వస్తుంటే రాజమణి పిల్లను గట్టిగా పట్టుకుని కూర్చుంది. సరళ మాత్రం ఆమె భుజం మీద నిద్రపోయింది.

గిర్దావరు విచారణకు పోయాడు. మరిది ఏదో అనబోతే, యాకయ్య నిలబడి సాక్ష్యం చెప్పాడట. పేరు అనుబంధం లిస్టులో ఎక్కింది. ఆ కాగితం కూడా రాజమణే రాసింది. ఈసారి చదివేటప్పుడు పిల్ల పలకలేదు.

ఫిబ్రవరిలో ఓట్లు పడ్డాయి. ఆ రోజు పొద్దున రాజమణి సరళకు తల దువ్వుతోంది. పిల్ల ఉన్నట్టుండి తల పక్కకు వంచి, "ఆ, ఉన్న," అంది. ఎవరికో బదులిచ్చినట్టు. దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. రాజమణి వీధిలోకి చూసింది. ఎవరూ లేరు.

మర్నాడు తుల్సీరాం వచ్చాడు. ఆయనకు పోలింగ్ డ్యూటీ ఆ ఊళ్లోనే పడిందట.

"లిస్టు నా చేతిల ఉండె. పేరు గట్టిగ చదవాలె గద, ఏజెంట్లకు ఇనవడేటట్టు. రెండు-పద్దెనిమిది, కొమురమ్మ, భర్త సాయిలు అని చదివిన. లైనంత గప్‌చుప్. ఎవ్వలు కదలరు, ఎవ్వలు ఊపిరి తియ్యరు. ఆ ముసలామె ఒక్కతే ముందట్కి వచ్చి 'ఆ, ఉన్న' అన్నది. అప్పుడు ఎనక నుంచి ఎవడో, 'జరుగుండ్రి, అవ్వను పోనియ్యుండ్రి' అన్నడు. జరిగిన్రు."

"ఏం టైం అయింది కాకా అప్పుడు?"

"తొమ్మిది దాటింది. ఎందుకు?"

"ఊకెనే," అంది రాజమణి.

ఆ తర్వాత సరళ మధ్యాహ్నాలు గోడ దగ్గర కూర్చోవడం మానేసింది. వేసవి వచ్చేసరికి ఒక్కో మాటా రావడం మొదలైంది. నీళ్లు, పిల్లి, ఇయ్యి, వద్దు. వయసుకు తగ్గ ముద్దు మాటలు, తడి ఉన్న గొంతు. వరంగల్ డాక్టరు కొందరు పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారని చెప్పాడు. రాజమణి తల ఊపింది.

ఆ ఊరి నుంచి ఒకరూ ఇద్దరూ ఆమె ఇంటికి రాసాగారు. రేషన్ కార్డులో పేరు పడలేదని ఒకరు, భూమి పహాణీ నకలుకు దరఖాస్తు కావాలని ఇంకొకరు. ఫారాలు నింపే మనిషిగా జనగామలో ఆమె పేరు పాకింది. గడప దాటకుండానే పొద్దంతా పని దొరికింది. జగపతి ఒకసారి వచ్చి ఇంటి ముందు కూర్చున్న జనాన్ని చూసి, "ఇంత మంది నీకు ఎట్ల ఎరుక?" అన్నాడు. ఆమె నవ్వి తర్వాతి కాగితం అందుకుంది.

ఆ వచ్చినవాళ్లలో ఒకరోజు బోరింగు దగ్గర 'గా పేరు పలుకకు' అన్న ఆడామె కూడా ఉంది. వితంతు పింఛనుకు కాగితం రాయాలంది. రాజమణి పెన్ను మూత తీసి, "నీ పేరు చెప్పక్కా, గట్టిగ చెప్పు," అంది.